ముప్ఫై సీసాల్లో ఒక మాట

“ఈ బానాత్ సీమ మొత్తంలో ఈ కంటిని తప్పించుకున్న నేరగాడు లేడు!” అని ప్రకటించాడు వుకాశిన్. రైళ్లలో టికెట్లు చూసి రిటైరైన ఆ కన్ను ముప్ఫై ఏళ్లలో పట్టుకుంది ఒక్కణ్ణే. అతను ఇంజను డ్రైవరు.

దెసాంక టీచరమ్మకి నవ్వు రాలేదు. “పాప్రికా పోయింది నాయనా!”

“పెరట్లో పచ్చడికని వంద కిలోలు కాలుతున్నాయిగా?”

“మిరపకాయ కాదయ్యా, ఆ మాట! భారతదేశంలో పిప్పలిగా పుట్టి, గ్రీకులో పెపెరి, లాటిన్లో పిపెర్, మన సెర్బియాలో పాపర్ అయి, తోక తగిలించుకుని పాప్రికాగా హంగేరీ వెళ్లింది. ఏడు విభక్తులతో సహా దాని కథంతా రాసిన ముప్ఫై కార్డులు, పదకొండేళ్ల చాకిరీ! రేపు లైబ్రరీలో చదవాలి. డెబ్భై రెండేళ్లు నాకు, మళ్లీ ఎప్పుడు రాస్తాను?”

వుకాశిన్ టీచరమ్మ గడప మీద ఎర్ర మరక చూసి వంగాడు. “ఇక్కడ నెత్తురు పారింది!” వేలితో తీసి నాకాడు. “ఉప్పు తక్కువైంది.”

తిన్నగా పక్కింటికి నడిచాడు. హంగేరియన్ గిజెల్లా తొట్టిలో సీసాలు కడుగుతోంది.

“పాప్రికా అనే మాట తమదేనని మీ హంగేరీవాళ్లంటారు. కార్డులు బయటపెట్టు!”

“మాటని దొంగిలించి ఏం చేసుకోనురా, పులుసులో వేసుకోనా?”

“నటించకు!” అని చెయ్యి విసిరాడు. గట్టు మీదున్న అయ్‌వార్, అంటే కాల్చిన మిరపకాయల పచ్చడి, సీసా తొట్లో పడింది. జిగురుకి బదులు పాలతో అంటించిన చీటీ ఊడి తిరగబడి తేలింది.

వెనకే వచ్చిన దెసాంక చూసింది. “పాప్రికోమ్... మిరపకాయతో... తృతీయా విభక్తి! నా కార్డే!”

ఆమె భర్త ఝార్కో గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

“బల్ల మీదున్నాయి కదా దెసా! అన్నిటి మీదా పాప్రికా, పాప్రికా అనుంటే పచ్చడికి చీటీలు రాశావనుకున్నా. నీ కోడిగీతలు ఎవరికర్థమవుతాయని వెనకవైపు అందంగా రాసి అంటించా.”

“మిగతావి?”

“మొదటి వాయి ఇరుగుపొరుగుకే కదా. వీధంతా పంచేశా.”

మర్నాడు లైబ్రరీకి, కబురు విని, వీధి వీధంతా సీసాలు చంకలో పెట్టుకుని వచ్చింది. దెసాంక జరిగిందంతా చెప్పింది. ఝార్కో తలొంచుకున్నాడు. గిజెల్లా లేచి తన చీటీ చదివితే రొమేనియన్ పాస్టర్ తన చీటీతో అందుకున్నాడు. ముప్ఫయ్యో సీసా, అసలైన పిప్పలి కార్డు ఉన్నది, మాత్రం రాలేదు.

వెనక వరసలో వుకాశిన్ మెల్లిగా చెయ్యెత్తాడు. చేతిలో చీటీ అంటుకునే ఉన్న ఖాళీ సీసా.

“నిన్న పొద్దున్నుంచీ నీ ఇంట్లోనే ఉందా?” అంది దెసాంక.

“డిటెక్టివ్ తన ఇంట్లో ఎందుకు వెతుక్కుంటాడు టీచరమ్మా?”