పదమూడో రాశి

ఆ ఉదయం కణాల మాస్టారి పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి టీవీ స్టూడియోకి వెళ్ళి కొత్త సీరియల్లో సైన్సు తప్పులు దిద్దాలి. అందుకు బదులుగా సాయంత్రం తన ఉపన్యాసం ఉందన్న సంగతి టీవీ తెర కింద వేయించుకోవాలి. పరిశోధనశాలలో మాస్టారు ప్రతి నెలా సూక్ష్మ కణాల గురించి జనానికి చెబుతారు. కిందటి నెల ముగ్గురొచ్చారు, అందులో ఒకరు ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవారు. "ఈసారి హాలు నిండకపోతే ఉపన్యాసాలు ఆపేస్తాను, మీరు కేబుళ్ళ స్టోర్లో కూర్చోండి" అని పరిశోధనశాల అధిపతి మేడమ్ తేల్చి చెప్పేశారు. మాస్టారికేమో ఉపన్యాసమంటే ప్రాణం.

సెట్లో సైంటిస్టు వేషం వేసిన హీరోయిన్ గాజు సీసా పట్టుకుని నిలబడి ఉంది. సీసాలో పచ్చగా మెరిసే గోళీ ఒకటి.

"ఏంటండీ అది?" అన్నారు మాస్టారు.

"దైవకణం సార్," అన్నాడు దర్శకుడు. "ఇప్పుడే పట్టుకుంది. వెనకాల మూడుసార్లు ఉరుముతుంది."

కణం కంటికి కనబడదనీ, సీసాలో నిలవదనీ, పుట్టిన మరుక్షణమే మాయమవుతుందనీ మాస్టారు మొత్తుకున్నారు. "మాయమైపోతే మిగతా మూడొందల ఎపిసోడ్లు ఏం తియ్యమంటారు?" అన్నాడు దర్శకుడు. చివరికి గోళీ ఉండేటట్టు, డైలాగు మాత్రం మాస్టారు రాసేటట్టు రాజీ కుదిరింది. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే వాక్యం రాశారు: "ఈ కణం వల్లే ప్రాథమిక కణాలకు ద్రవ్యరాశి వస్తుంది."

హీరోయిన్ గట్టిగా చదివి ఆగిపోయింది. "నాది తులారాశి. ఈ ద్రవ్యరాశి ఎప్పుడొచ్చింది సార్?"

"అది ఆ రాశి కాదమ్మా. బరువు లాంటిదనుకో."

"నా బరువుతో ఈయనకేం పని?" అంటూ ఆవిడ మేకప్ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

సెట్టుకూ పక్క గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. అవతల ఒక జ్యోతిష్కుడు ప్రత్యక్ష ప్రసారంలో రాశిఫలాలు చెబుతున్నాడు. ఇరవయ్యేళ్ళుగా పన్నెండు రాశులతోనే నెట్టుకొస్తున్న మనిషి చెవులు రిక్కించాడు. "ఇప్పుడే అందిన వార్త! సైంటిస్టులు పదమూడో రాశి కనిపెట్టారు. ద్రవ్యరాశి! పేరులోనే ఉంది చూడండి, ద్రవ్యం, అదీ రాశిగా!" సరిగ్గా అప్పుడే తెర కింద మాస్టారి ఉపన్యాసం ప్రకటన పరిగెడుతోంది.

మాస్టారు ఇంకా మేకప్ గది తలుపు దగ్గర క్షమాపణ చెబుతుండగానే అత్తగారి ఫోను వచ్చింది.

"అల్లుడుగారూ, ఇన్నేళ్ళూ మీరు నలుసులు ఏరుకుంటున్నారనుకున్నాను. ఇంత ఘనకార్యం కడుపులో దాచుకున్నారా? మా అపార్ట్‌మెంటంతా బయల్దేరుతున్నాం!"

"అత్తయ్యగారూ, అది రాశి కాదు..."

ఆవిడ అప్పటికే ఫోను పెట్టేశారు.

నాలుగింటికి హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. మేడమ్ మొహం వెలిగిపోతోంది. మాస్టారికి మాత్రం ఎటూ పాలుపోలేదు. నిజం చెబితే హాలు ఖాళీ, తన బతుకు కేబుళ్ళ పాలు. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. కళ్ళు మూసుకుని మైకు పట్టుకున్నారు.

"క్షమించాలి. పదమూడో రాశి లేదు. ద్రవ్యరాశికీ పుట్టిన తేదీకీ సంబంధం లేదు. అది మీ అందరికీ ఉంది."

"అందరికీ ఉందట!" అని ఎవరో అరిచారు. చప్పట్లతో పైకప్పు ఎగిరినంత పనైంది.

"మరి లేనిదెవరికి బాబూ?" అని ఒక పెద్దాయన జాలిగా అడిగాడు.

"కాంతి కణానికండీ," అన్నారు మాస్టారు నీరసంగా. "అందుకే దాన్ని మించిన వేగం ఇంకెవరికీ లేదు. మిగతావాటికి ద్రవ్యరాశి రావడానికి కారణమైన దైవకణమేమో పుట్టగానే మాయమైపోతుంది."

ముందు వరసలోంచి అత్తగారు లేచారు. "అంతే కదా మరి! బరువూ బాధ్యతా లేనివాళ్ళు రివ్వున పోతారు. నెత్తిన సంసారం పడ్డవాళ్ళం ఈడ్చుకుంటూ నడుస్తాం. ఇక ఆ దైవకణం ఉందే, అచ్చం మా మరిదే! బరువంతా మనకి అంటగట్టి తను కనబడకుండా పోతుంది."

హాలంతా పడీపడీ నవ్వింది. ఏడేళ్ళుగా బోర్డులు నింపి చెప్పినా ఎవరి బుర్రకూ ఎక్కనిది ఒక్క నిమిషంలో అందరికీ ఎక్కేసింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి. అది సంతోషమో అసూయో ఆయనకే తెలియలేదు.

మేడమ్ అక్కడికక్కడే ఉపన్యాసాలు నెలకు రెండు చేశారు. రెండూ అత్తగారే ఇస్తారు, మైకు సర్దే ఉద్యోగం మాస్టారిది.