కోటమ్మ చేలో ఊట: విచారణ ముగిసింది

నేలలోంచి నీరు ఊరితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా దాన్ని ఎక్కడికీ పోనివ్వకూడదన్నది ఊటల విచారణ కచేరీవారి మూలసూత్రం. ఈ సూత్రం పుణ్యమా అని దివిసీమలో చాలా నీరు ఎంతో మర్యాదగా, కదలకుండా నిలబడి ఉండేది.

నేను ఆ కచేరీ అరుగు మీద కూర్చుని అర్జీలు రాసేవాణ్ణి. పంతొమ్మిది వందల ముప్ఫైల్లో నా అర్జీ భాషకి అవనిగడ్డ నుంచి చల్లపల్లి దాకా పేరు. ఈ వ్యవహారంలో నా పాపం కూడా కొంత ఉంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

కరకట్ట ఎత్తు చెయ్యడానికి మట్టి కావాలని కట్ట పక్కన ఎకరం నేల నిలువులోతు తవ్వేశారు. కట్ట లేచాక ఆ గోతిని పూడ్చి, చదును చేసి, "బాగుచేసిన భూమి" అని పేరుపెట్టి గంగరాజుకీ, అతని భార్య కోటమ్మకీ పట్టా ఇచ్చారు. వాళ్ళది సముద్రం మీద వేట చేసుకునే కుటుంబం. అంతకు ముందు ఏడే గాలివానలో గంగరాజు తమ్ముడు పడవతో సహా పోయాడు.

"ఇంక నా మొగుణ్ణి సముద్రం మీదికి పంపను పంతులుగారూ. ఈ చేనొక్కటి పండితే మాకు చాలు," అంది కోటమ్మ.

జ్యేష్ఠంలో పక్క కాలవకి నీళ్ళు వదిలారు. వారం తిరక్కుండా చేలో ఊట పుట్టి, పోసిన నారు కాస్తా కుళ్ళిపోయింది. నేను అర్జీ రాశాను. "ఘనత వహించిన" అన్న మాట ఆరుచోట్ల వాడాను.

ఓవర్సీరు శేషాచలంగారు విచారణకి వెంటనే, అంటే మరుసటి వైశాఖంలో, వచ్చారు. (బండి దిగబడే రోజుల్లో తనిఖీ కూడదని నిబంధన. బండి దిగబడని రోజుల్లో కాలవ కట్టేసి ఉంటుంది.) ఆయన వంగి గుప్పెడు మట్టి తీసి ఊదారు. దుమ్ము లేచింది.

"ఏదమ్మా ఊట?"

"కాలవ వదిలితే వస్తుందండీ."

"లేని నీటిని నేనెలా కొలవను? వచ్చినప్పుడు ఆపి ఉంచాల్సింది."

"ఆపలేకే గదా బాబుగారూ అర్జీ పెట్టుకున్నాం!"

ఈ జవాబు రికార్డుకి ఎక్కలేదు.

కాలవ పారుతున్నప్పుడే పరీక్షించమని అడుగుదామన్న తెలివైన ఆలోచన నాదే. కచేరీవారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. ఆషాఢంలో శేషాచలంగారు పడవ మీద వచ్చి చేను నడుమ పరీక్ష గుంట తవ్వించారు. నీరు పడింది. అది ఊటో వాననీరో తేల్చడానికి పది అడుగుల దూరంలో ఇంకో గుంట కావాలట. అందులోనూ పడింది. ఏ గుంట నీరు ఏ గుంటలోకి పోతోందో తెలియాలంటే రెంటి మధ్యా మూడోది తవ్వాలి. మూడోది తవ్వగానే కొత్తగా రెండు మధ్యలు ఏర్పడ్డాయి.

తవ్విన మట్టి సాక్ష్యం కాబట్టి విచారణ పూర్తయ్యేదాకా తిరిగి పొయ్యకూడదు. అలాగని వదిలేస్తే సాక్ష్యం వానకి కరిగిపోతుంది. అందుకని దాన్ని భద్రంగా కరకట్ట మీద పరిచి దిమ్మిస కొట్టించారు. (ఆ ఏడు మా కట్ట ఎంత బాగుందో చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.)

భాద్రపదంలో గంగరాజు గట్టు మీద నిలబడి చూస్తూ, "ఇంక మధ్యలు అయిపోయినట్టున్నాయండీ," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కోటమ్మని వెంటబెట్టుకుని కచేరీ లోపలికి వెళ్ళాను. హెడ్‌గుమాస్తా దక్షిణామూర్తిగారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"శుభవార్తమ్మా. నీ చేలో ఊట పోయింది."

"అదేంటి బాబుగారూ, నిలువులోతు నీళ్ళున్నాయి!"

"నీళ్ళున్నాయి, కాదన్నానా? చేలో ఊరితే ఊట. అక్కడ చేనేదీ? గోతిలో నీళ్ళున్నాయని ఇంతవరకూ ఎవరూ అర్జీ పెట్టలేదు."

"మరి మేమెట్టా బతకాలి?"

"అది వేరే కచేరీ అమ్మా."

ఆ కార్తీకంలో, గాలివానల రోజుల్లో, గంగరాజు మళ్ళీ పడవెక్కాడు. కోటమ్మ రేవు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇక్కడ దక్షిణామూర్తిగారు ఫైలు మూసేస్తూ, నిబంధన ప్రకారం అర్జీదారు క్షేమసమాచారం ఇలా రాశారు: "అర్జీదారు భర్త ప్రస్తుతము సముద్రము మీద ఉన్నాడు. నీటివలన ఇబ్బంది ఉన్నట్లు ఎక్కడను కనబడదు."