హిమజ వెళ్లని బ్రెజిల్

బసవపున్నయ్య కూతురు హిమజ బ్రెజిల్ వెళ్లిపోతోందనీ, ఒక్కతే వెళ్తోందనీ, అక్కడ మంచం కూడా ఉండదు కాబట్టి ఉయ్యాల్లో పడుకుంటుందనీ పక్కింటి హైమావతి చెప్పిందట. పాలకేంద్రం దగ్గర హైమావతి నోట విన్న ఈ సంగతిని సాజిదా ఇంటికి మోసుకెళ్లింది. సాజిదా మొగుడు అబ్దుల్ గఫార్ దాన్ని టీకొట్టుకి చేర్చాడు. ఉదయం ఎనిమిదయ్యేసరికి రొంపిచెర్లలో ఈ కబురు తెలియని మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె హిమజ.

హైమావతి కల్పించి చెప్పే మనిషి కాదు. పొద్దున్నే గోడ పక్కన మునగాకు కోస్తుంటే అవతల హిమజ ఫోనులో అడగడం చెవులారా విన్నది. "మీ ఊరికి బస్సు రాదా? ఇసకలో నడిచే రావాలా? అందరూ ఉయ్యాల్లోనే పడుకుంటారా? ఆడపిల్ల ఒక్కతే వస్తే భయం లేదు కదా?" విన్న మాటలన్నీ నిజం. ప్రయాణం మాత్రం అబద్ధం.

డిగ్రీ పూర్తి చేసిన హిమజ, ఊళ్లు తిరిగేవాళ్ల కోసం వెబ్‌సైటు నడిపే ఒక కంపెనీకి ఇంట్లో కూర్చుని వ్యాసాలు రాసే పనికి ప్రయత్నిస్తోంది. మూడు వ్యాసాలు రాసి పంపాలి, నచ్చితే ఉద్యోగం. మొదటి రెండూ తిరిగొచ్చాయి. "చదివి రాసినట్టుంది, చూసి రాసినట్టు లేదు" అని కింద ఒక వాక్యం. ఆఖరిది 'బ్రెజిల్‌లో ఒక చిన్న సముద్రపు ఊళ్లో చేయదగిన పది పనులు'. ఆ రోజు సాయంత్రం అయిదు లోపల పంపాలి. ఇదీ తిరిగొస్తే సోమవారం నుంచి నరసరావుపేటలో ఎల్‌కేజీ పిల్లలకు టీచరుగా చేరతానని తండ్రికి మాటిచ్చింది. నలభై మంది పిల్లలు, నలభై ముక్కులు. హిమజ బాపట్ల సముద్రం కూడా ఒక్కసారే చూసింది, అదీ స్కూలు బస్సు కిటికీలోంచి. ఇక బ్రెజిల్‌ని చూసినట్టు రాయడం ఎలా?

అందుకని ఆ ఊళ్లో నాలుగు గదుల సత్రం నడిపే లూజియా అనే ఆవిడ నంబరు సంపాదించింది. మన మాటని వాళ్ల భాషలోకీ, వాళ్ల మాటని మన భాషలోకీ మార్చే సౌకర్యం ఫోనులో ఉంది. లూజియా నాలుగు ప్రశ్నలు విని, "మాకిప్పుడు రాత్రి, నిద్రొస్తోంది. తెల్లారగానే వీడియోలో పలకరించు, ఊరంతా చూపిస్తాను" అంది. వాళ్లకి తెల్లారేది మనకి మధ్యాహ్నం రెండింటికి పావుగంట తక్కువకి. అప్పుడు చూడటం, అయిదు లోపల రాయడం. ప్రణాళిక చక్కగానే ఉంది.

తొమ్మిదింటికి గోడ మీంచి హైమావతి తల కనిపించింది.

"ఏమే హిమా, గారెలకి పిండి రుబ్బా. ఇటొచ్చి రెండు తినిపో."

"ఎందుకత్తా ఇయ్యాళ?"

"ఎందుకేందే? దూరదేశం పోయే పిల్లకి ఇంత తినబెట్టి జాకెట్టుముక్క పెట్టకపోతే ఊరు ఊసిద్ది నా మొహాన."

"నేనెక్కడికీ పోవట్లా అత్తా!"

హైమావతి గొంతు తగ్గించింది. "సరే, పోవట్లా. నేనేమన్నా అడిగానా? దిష్టి సంగతి నాకు తెలవదా?"

ఇక్కడ ఆ ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. వీసా వచ్చిన సంగతి విమానం ఎక్కేదాకా ఎవరూ బయట పెట్టరు. నిరుడు ఒక కుర్రాడు వినుకొండలో పెళ్లికని చెప్పి సంచితో బయల్దేరి, మూడో రోజు ఆస్ట్రేలియా నుంచి ఫోను చేశాడు. కాబట్టి పోతున్నానంటే అనుమానించాలి గానీ, పోవట్లేదంటే ఇక తిరుగులేదు.

టీకొట్టు దగ్గర బసవపున్నయ్యకీ అదే గతి పట్టింది. "అబ్బే, అదేం లేదు" అన్నాడు. గఫార్ లేచి కావిలించుకున్నాడు. "అదేం లేదన్నాడంటే టికెట్టు చేతికొచ్చినట్టే!" ఇంకో ఇద్దరికి కూడా "అదేం లేదు" అని చెప్పేసరికి బసవపున్నయ్యకే అనుమానం పట్టుకుంది. గబగబా ఇంటికొచ్చి, తలుపు దగ్గరేసి, కూతుర్ని పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, నిజం చెప్పు. నా కన్ను కూడా దిష్టి కన్నేనా?"

"నాన్నా! నువ్వు కూడానా!"

"సరేలే. నేనేం అడగలా" అన్నాడు బసవపున్నయ్య, కళ్లు తుడుచుకుంటూ.

పదింటికి హైమావతి ఇంట్లో గారెలు. పదకొండింటికి సాజిదా ఇంట్లో సేమ్యా పాయసం. పన్నెండింటికి ఎదురింటి పులిహోర. ఒకరింట తిని ఇంకొకరింట తినకపోతే తగువు. మూడో జాకెట్టుముక్కతో హిమజ ఇల్లు చేరేసరికి వసారాలో పెద్ద పెట్టె ఉంది. గఫార్ దాన్ని బండి మీద తాడేసి కట్టుకొచ్చాడు.

"నాలుగుసార్లు కువైట్ పోయొచ్చిన పెట్టె బేటీ ఇది. నువ్వు ఊరికే వెంటబో, దారి దానికే తెలుసు."

పెట్టెలోకి అప్పటికే గోంగూర పచ్చడి, కందిపొడి, అయిదు కిలోల కారం, రెండు దుప్పట్లు చేరాయి. బసవపున్నయ్యకి అన్న వరసయ్యే పెద్దమనిషి ఒకాయన దుర్గిలో చెక్కించిన రాతి నందిని భుజాన వేసుకొచ్చి దించాడు. "పరాయి దేశం పోయి ఒట్టి చేతులతో ఒకరింట్లో దిగుతామా?" అన్నాడు. విమానంలో బరువుకి లెక్కుంటుందని గఫార్ గుర్తు చేశాడు. మిరపకాయ టిక్కీ బస్తాలు తూచే కాటా మీదికి పెట్టెని నలుగురు ఎత్తారు. నలభై మూడు కిలోలు.

"ఇరవై మూడే రానిస్తారు. నందిని తీద్దామా?"

"నందిని తీస్తే మన మర్యాదేం గాను? కారం తీయండి."

"కారం తీస్తే పిల్ల ఏం తిని బతకాలంట?"

ఈ తగువు వసారాలో నడుస్తుంటే, లోపలి గదిలో హిమజ కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద శీర్షిక ఒక్కటే ఉంది. ఒంటిగంటన్నర. ఇంకో పావుగంటలో లూజియాతో మాట్లాడాలి. ఇంట్లో ఇరవై ఆరుగురున్నారు. కడుపులో గారె, పాయసం, పులిహోర ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కళ్ల ముందు నలభై ముక్కులు కారుతున్నాయి. ఆమె బయటికొచ్చి గట్టిగా ఏడ్చేసింది.

"నాకు వీసా లేదు! టికెట్టు లేదు! అసలు పాస్‌పోర్టే లేదు! నేనాడ ఊరి మీద రాయాలి, అయిదింటి లోపల రాయకపోతే నా ఉద్యోగం పోద్ది!"

"ఎంత గట్టిగా దాస్తందో చూడు" అంది హైమావతి, సాజిదా చెవిలో.

మూలన కూర్చున్న నాయనమ్మ కోటమ్మ కర్ర నేలకి కొట్టింది. "నోళ్లు మూయండే. ఒరేయ్ పున్నయ్యా, పిల్ల ఏడస్తంటే నువ్వు కాటా చూస్తన్నావా?"

హిమజ ముక్కు తుడుచుకుంది. వీళ్లు కదలరు, టైము ఆగదు. "సరే, ఆమెకే ఫోన్ చేస్తా. నే పోతన్నానో లేదో మీరే అడుక్కోండి" అని తన ఫోనుని టీవీకి కలిపింది. మాటలు మార్చే పనికి తండ్రి ఫోను పెట్టింది.

టీవీ నిండా లూజియా కనిపించింది. యాభై దాటిన మనిషి, నెత్తిన ముడి, చేతిలో కాఫీ గ్లాసు, వెనకంతా మసక చీకటి. ఆమె ఇటువైపు ఇరవై ఏడు మొహాలనీ, పెద్ద పెట్టెనీ, రాతి నందినీ చూసి గ్లాసు కింద పెట్టింది. బసవపున్నయ్య ఫోను వార్తలు చదివే గొంతుతో పలికింది. "నా వద్ద నాలుగు గదులు మాత్రమే కలవు. మీరందరూ వచ్చుచున్నారా?"

"ఎవరూ రావట్లేదు!" అని హిమజ అరిచింది. ఆ మాట అటు చేరాక లూజియా నవ్వి, ఫోనుని సముద్రం వైపు తిప్పింది.

ముందు నలుపు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఆ నలుపు కింది అంచున సన్నటి నిప్పుగీత పడింది. గీత లావెక్కింది. నీళ్లు రాగిరంగు తిరిగాయి. చూస్తుండగానే పొద్దు తల బయటపెట్టింది. నీళ్లలోంచి ఒళ్లు తుడుచుకోకుండా లేచొచ్చినట్టు, తడితడిగా, ఎర్రగా.

"ఏం పొద్దే అది?" అంది కోటమ్మ.

"మన పొద్దే నాయనమ్మా."

"మన పొద్దు బయటుంది గదంటే."

కోటమ్మ కర్ర పట్టుకుని వాకిట్లోకి నడిచింది. చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. పొద్దు నడినెత్తి మీంచి కాస్త వాలి కణకణమంటోంది. లోపలికొచ్చి టీవీ చూసింది. అక్కడ అప్పుడే పుడుతోంది. మళ్లీ బయటికెళ్లింది. ఆమె వెనక బసవపున్నయ్య, అతని వెనక హైమావతి, కాటా దగ్గర మనుషులు ఒక్కొక్కరే వాకిట్లోకీ వసారాలోకీ తిరగడం మొదలుపెట్టారు. తాను ఎనభై ఏళ్లుగా చూస్తున్న పొద్దు, ఇక్కడ వెలుగుతూనే ఇంకెక్కడో చంటిబిడ్డలా కళ్లు తెరుస్తోందని కోటమ్మకి ఎవరూ చెప్పలేదు. గఫార్ టోపీ సర్దుకుని "సుభానల్లా" అన్నాడు, తనకే వినపడేంత మెల్లగా.

మొదట తేరుకున్నది కోటమ్మే. "తెల్లారి లేచి వాళ్లేం చేస్తారో అడుగు."

మగవాళ్లు దుంగల మీద తెప్పలు దొర్లించి సముద్రంలోకి తోస్తారట. గట్టున ఎవరున్నా ఒక చెయ్యి వెయ్యాల్సిందే, అతిథి అయినా సరే. చెయ్యేసిన వాళ్లకి సాయంత్రం ఒక చేప. మధ్యాహ్నం మడుగుల్లో గుంజలు పాతి ఉయ్యాలలు కడతారు. వీపు నీళ్లకి తగులుతూ ఉంటే నిద్రపోతారు.

"నీళ్లలో ఉయ్యాలా! నిద్దట్లో పక్కకి దొర్లితేనో?" హైమావతి గుండె మీద చెయ్యేసుకుంది.

"తడుస్తారు" అంది లూజియా. ఫోను దాన్ని "తడిసెదరు" అంది.

ఊరి వెనక ఇసక దిబ్బ గాలికి నడుస్తుందట. పాత ఊరిని ఏడాదికింత చొప్పున మింగేసిందట. జనం సామాను నెత్తిన పెట్టుకుని పక్కకి జరిగి కొత్త ఊరు కట్టుకున్నారు. ఆ దిబ్బ ఎక్కి, కింద ఇసకలో తమ పాత ఇల్లెక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు.

కోటమ్మ బుగ్గ నొక్కుకుంది. "రాత్రికి రాత్రి పొలం గట్టు జరిపినోళ్లని చూశా. ఊరికి ఊరినే జరిపే ఇసకని ఇప్పుడే వింటన్నా."

సాయంత్రం ఊరంతా ఆ దిబ్బ మీద కూర్చుని పొద్దు గుంకడం చూస్తారట. మునిగిపోగానే లేచి చప్పట్లు కొడతారట.

"రోజూ గుంకేదానికి చప్పట్లేంది?" అన్నాడు గఫార్.

"రోజూ మానకుండా వస్తందనే ఏమో" అన్నాడు బసవపున్నయ్య. అతను అలాంటి మాట అనడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

అంతలో లూజియా మెడ సాచి చూసింది. "మీ ద్వారము వెలుపల ఆ ఎర్రని సముద్రమేమి?" అని అడిగింది ఫోను. హిమజ ఫోనెత్తి వాకిలవతల కల్లం వైపు తిప్పింది. మూడెకరాల కాయ ఎండకి పరుచుకుని ఉంది, కనుచూపు చివర దాకా ఎరుపే. మిరపకాయలని చెబితే లూజియా నమ్మలేదు. లోపలికి పరుగెత్తి మొగుణ్ని లేపుకొచ్చింది. మొగుడు మరో ముగ్గురిని పిలిచాడు. బ్రెజిల్‌లో అయిదుగురు నోళ్లు తెరిచి రొంపిచెర్ల కల్లాన్ని చూస్తూ నిలబడ్డారు. లూజియా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"అసలు మిరపకాయ ఆ వైపు దేశాల నుంచే మనకొచ్చింది, ఓడల్లో" అంది హిమజ, ఉత్సాహం ఆపుకోలేక.

వసారాలో పెద్ద గొడవైంది. "కాయ మనది కాదా?" అని బసవపున్నయ్య కాటా పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. "ఎన్నేళ్లయిందంట వచ్చి?" అని అడిగాడు. నాలుగైదు వందల ఏళ్లని తెలిశాక కొంచెం తెరిపిన పడ్డాడు. "అయితే మనదే."

మూడున్నరకి హిమజ గది తలుపు గడియ పెట్టుకుంది. నాయనమ్మ అడిగినవీ, అత్త భయపడినవీ, లూజియా చెప్పినవీ వరసగా రాసుకుంటూ పోయింది. పది పనులు కావాలంటే పద్నాలుగొచ్చాయి. నాలుగు కొట్టేసింది. అయిదుకి ఏడు నిమిషాలుండగా పంపింది. వసారాలో ఇరవై ఆరుగురూ కదలకుండా కూర్చున్నారు. ఇప్పుడు వాళ్లు ప్రయాణం కోసం కాదు, కంపెనీ జవాబు కోసం ఉన్నారు.

అయిదూ పదికి జవాబొచ్చింది. హిమజ పైకి చదివింది. "ఇది చూసి రాసింది. ఇలాంటి వ్యాసం మీరు వెళ్లి ఆ మనుషులతో కూర్చుంటే తప్ప రాయలేరు. సోమవారం నుంచి మా దగ్గర చేరండి. ఇంతకీ బ్రెజిల్ ఎప్పుడు వెళ్లొచ్చారు?"

బసవపున్నయ్య కూతురి తల మీద చెయ్యేశాడు. హైమావతి మాత్రం లేచి నడుముకి చేతులు పెట్టుకుంది.

"చూశారా! పోవట్లా, పోవట్లా అని పొద్దుట్నుంచీ మనల్నందర్నీ ఎర్రోళ్లని చేసింది. ఎప్పుడో పోయొచ్చిందంట!"

ఎవరూ కాదనలేకపోయారు. కంపెనీ వాళ్లే రాసిచ్చారు మరి.

ఆ సందట్లో ఫోను మళ్లీ మోగింది. లూజియా. కల్లం తన కళ్ల ముందు నుంచి పోవడం లేదట. మొగుడూ తానూ ఇంతవరకు దేశం దాటలేదట. "వచ్చే సంవత్సరము మేము మీ గ్రామమునకు రాదలచితిమి. అచ్చట మావంటి వారు చేయదగిన పనులేవి?" అని ఫోను అందరినీ అడిగింది.

పొద్దుట్నుంచీ పిల్లని సాగనంపుతున్న ఊరు ఒక్కసారిగా ఆలోచనలో పడింది. గఫార్ కోటప్పకొండ అందామనుకున్నాడు. బసవపున్నయ్య సాగర్ డ్యాం అందామనుకున్నాడు. నీళ్లలో ఉయ్యాలలకీ, నడిచే దిబ్బకీ సరితూగేది తమ దగ్గర ఏముందో తేలక ఇద్దరూ ఆ మాట మానుకున్నారు. కోటమ్మ కర్ర పక్కన పెట్టి, కొడుకు చేతిలో ఫోను లాక్కుని, నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"చేసేదానికేం తక్కువమ్మా? కాయ కోతకి మనుషులు దొరక్క చస్తన్నాం. ఇద్దర్నీ పొద్దున్నే ఆరింటికల్లా చేలో ఉండమను."