టైగర్‌కు ప్రవేశం లేదు

శుక్రవారం ఉదయం గ్రేసు అనుకున్న పనులు ఎక్కువేమీ కావు. ఆరింటికి నీళ్లు పట్టాలి, ఎనిమిదికల్లా వంట ముగించాలి, పదకొండింటికి చర్చి వెనకున్న కుట్టు గదిలో కూర్చుని కమిటీ వీడియో మీటింగు తెరవాలి. మూడో బిందె నిండుతుండగా జమ్మలమడుగు చర్చి మైకు గరగరమంది.

"సంఘమునకు తెలియజేయునది. ఈ దినము పదకొండు గంటలకు కమిటీవారి వీడియో మీటింగు కలదు. మీటింగు నంబరు రాసుకోండి." గంట కొట్టే పాలయ్య తొమ్మిది అంకెలూ ఒక్కొక్కటిగా చదివాడు. "పాస్‌వర్డు కృప, దాని పక్కన మూడు, ఒకటి, ఆరు. మళ్లీ చదువుతున్నాను."

బిందె పొంగి కాళ్ల మీద పడుతున్నా గ్రేసు కదల్లేదు. మళ్లీ చదవడం కూడా అయ్యాక, చెయ్యి తుడుచుకోకుండానే చర్చి దగ్గరికి పరుగెత్తింది.

"మామా, పాస్‌వర్డంటే ఎవురికీ చెప్పగూడదు."

"చెప్పగూడనిది కాగితం మింద ఎందుకు రాసినారు మ్మా?" పాలయ్యకు నిజంగానే అర్థం కాలేదు. చర్చికి వచ్చిన కాగితాన్ని పొద్దున్నే మైకులో చదవడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. తప్పిపోయిన మేకైనా, పెండ్లి ప్రకటనైనా రెండుసార్లు చదువుతాడు. ఛైర్మన్ యేసుబాబు పంపిన ఈ కాగితం కింద 'సభ్యులకు తెలియజేయవలెను' అని ఉంది. సంఘంలో అందరూ సభ్యులే కదా అన్నాడు.

గ్రేసుకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ కుట్టు గదిలో ఎనిమిది మిషన్లున్నాయి. మైలవరం వైపు ఊళ్ల నుంచి ఇరవై ఇద్దరు ఆడపిల్లలు బస్సుల్లో వచ్చి నేర్చుకుంటున్నారు. ఆ గది ఖాళీ చేయించి ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుడ్డలు పెట్టుకోవాలని యేసుబాబు పట్టుబట్టాడు. కుర్చీలకు నీడ కావాలట. ఆడపిల్లలు ఎండలో కూర్చున్నా ఆయనకు ఫరవాలేదు.

పోయిన నెల మీటింగులో ఆమె ఈ గది గురించి మాట్లాడుతుండగా 'టైగర్' అనే పేరుతో ఎవరో లోపలికి వచ్చారు. ముఖం లేదు, నల్లటి తెర. అందులోంచి కుక్క మొరుగుడు, కుక్కరు కూతలు, "మైలవరం చేపా" అని వీధిలో అమ్ముతున్నట్టు ఎవరో అరవడం. ఆమె చెప్పిన ఒక్క ముక్కా ఎవరికీ వినపడలేదు. విషయం వాయిదా పడింది. ఇదంతా కుట్టు నేర్చుకునే పిల్లల అల్లరేనని యేసుబాబు అందరి ముందూ అన్నాడు. పిల్లలు ఆ మాట విని రెండు రోజులు మిషన్లు ముట్టలేదు.

ఆ తర్వాత ప్రొద్దుటూరులోని తన ఇంట్లో కూర్చుని ఆయనే నిబంధనలు రాశాడు. ఎవరినైనా ముందు మీటింగు బయటే వెయిటింగ్ రూములో నిలబెట్టి, పేరు చూసి, ఒక్కొక్కరినే రానివ్వాలి. తెలియని పేరును తీసేయాలి, తీసేసినవాళ్లను మళ్లీ రానివ్వకూడదు. మీటింగు జరిగినంతసేపు ఎవరూ మామూలు కాల్స్ ఎత్తకూడదు. పదకొండూ పదికి లేనివారికి ఓటు లేదు, అది ఎవరైనా సరే. పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు గనుక ఆ చివరి మాట కింద గీత గీశాడు. వాకిలి కాపలా సెక్రటరీ గ్రేసుకే అప్పగించాడు.

ఆమె ఆయనకు ఫోను చేసి మైకు సంగతి చెప్పింది, పాస్‌వర్డు మారుద్దామంది.

"మారిస్తే పులివెందులాయనకు మళ్లీ ఎవురు నేర్పిస్తారు? ఆయనకు ఈ నంబరు కొట్టించేదానికే వారం పట్టింది," అన్నాడు యేసుబాబు. "వాకిట్లో నువ్వుండావు కదా. ఇంకొకసారి కుక్క మొరిగిందంటే ఆ గది మాట ఎజెండాలోనే ఉండదు. తాళం నా చేతికిచ్చేయాల."

పదకొండుకు మూడు నిమిషాలుందనగా గ్రేసు మీటింగు తెరిచింది. బయట నిలబడినవాళ్ల జాబితా చూసింది. నలభై ఒక్క పేర్లు. మైకులో పిలిస్తే రాకపోవడం మర్యాద కాదని ఊరు ఊరంతా వచ్చినట్టుంది. ఆమె కమిటీవాళ్ల పేర్లే వెతికి లోపలికి తీసుకుంది. వైస్ ఛైర్మన్ ప్రేమకుమారి వచ్చింది, రిటైరైన నర్సు, చర్చి ఎదురిల్లే. పెండ్లిమర్రి నుంచి టీచరు నవీన్ కుమార్ వచ్చాడు. కమిటీలో అందరికంటే పెద్దవాడైన పులివెందులాయన నుదురు మాత్రమే కనిపించింది. యేసుబాబు ముఖం ఒక్క క్షణం వెలిగి, నోరు తెరిచిన చోటే బిగుసుకుని, మాయమైంది.

పదకొండూ ఐదుకు బయట కొత్త పేరు వచ్చి నిలబడింది. టైగర్.

గ్రేసు తెర మీదికి వంగింది. ఈ పేరు వల్లనే కదా ఇరవై ఇద్దరు పిల్లల మీద నింద పడింది. "మళ్లా వచ్చినావా?" అని పళ్లు కొరికి తీసేసింది. మళ్లీ రాకుండా చేసే బొత్తాన్ని కూడా, అవసరం లేకున్నా రెండుసార్లు నొక్కింది.

పదకొండూ పది అయింది. ఛైర్మన్ జాడ లేదు. ఆయన రాసిన నిబంధనల కాగితాన్నే నవీన్ కుమార్ పైకి చదివాడు. ప్రేమకుమారి అధ్యక్షత తీసుకుని, బయట ఇంకా ఎవరున్నారని అడిగింది. గ్రేసు పేర్లు చదివింది. మైమూన్, సమీరా, సుజాత... చదువుతూ చదువుతూ ఆమె గొంతు నెమ్మదించింది.

"వీళ్లలో ఇరవై ఆరు మంది ఈ గదిలో కుట్టు నేర్చుకున్నోళ్లే అక్కా. మైమూన్‌కు ఇప్పుడు ప్రొద్దుటూరులో సొంతంగా అంగడుంది."

"పావుగంట నుంచి బయట నిలబెట్టినా ఒక్కరూ పోలేదే," అంది ప్రేమకుమారి. "ఇంక మనం మాట్లాడేదేముంది? గది ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. పులివెందులాయన చెయ్యి కూడా నుదుటి దగ్గర కనిపించింది. అంత నిశ్శబ్దంగా కమిటీ మీటింగు జరగడం అదే మొదటిసారి.

పన్నెండున్నరకు గది ముందు ఆటో ఆగింది. యేసుబాబు చొక్కా గుండీలు ఒకటి కింద ఒకటి తప్పి ఉన్నాయి. చేతిలో గులాబీ రంగు కవరు వేసిన ఫోను. పిల్లలు మిషన్లు ఆపి లేచి నిలబడ్డారు. ఎదురింటి నుంచి వచ్చిన ప్రేమకుమారి మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టబోతూ తలెత్తింది.

"ఇరవై ఏండ్లు హెడ్మాస్టరు చేసినోన్ని. నన్ను వాకిట్లోంచి తోసేస్తావా? ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తవా?"

"మీటింగులో కాల్స్ ఎత్తగూడదని మీరే రాసినారు సార్," అంది గ్రేసు. "మిమ్మల్ని నేను తొయ్యలా. మీరు వచ్చి మాయమైనారు. ఆ పోయిన్నెల టైగర్ మళ్లా వస్తే, దాన్ని తీసేసినా."

"నా ఫోను బిగుసుకుపోయింది. ఆ టైగర్ నేనే మ్మా!"

అది తన భార్య ఫోనని, దాంట్లో పేరు పెట్టమంటే ఆమె ఇంట్లో కుక్క పేరు పెట్టుకుందని ఆయన వివరించడం మొదలుపెట్టాడు. పోయిన నెల కూడా, తన ఫోను ఆగిపోతే పనికొస్తుందని, దీన్ని మీటింగులో కలిపి వంటింట్లో పెట్టానన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక ఆగాడు. ముందు వరుసలోని పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అయితే పోయిన్నెల మొరిగింది?" అంది ప్రేమకుమారి, కలం కిందికి దించకుండా.

"నేను కాదు," అన్నాడు యేసుబాబు. "కుక్క."

"మా పిల్లోళ్లు కాదు కదా సార్," అంది గ్రేసు. ఆమె గొంతు పెరగలేదు. "ఆ మాట అందరి ముందర అన్నారు. కాదన్న మాట కూడా అందరి ముందరే చెప్పండి."

ఆయన ఇరవై రెండు ముఖాల వైపు చూశాడు, తర్వాత గులాబీ కవరు వైపు చూశాడు. "కాదు. పిల్లోళ్లు కాదు," అని, కూర్చోవడానికి కుర్చీ కోసం చుట్టూ వెతికాడు. గదిలో మిషన్ల ముందున్న స్టూళ్లు తప్ప ఏమీ లేవు. మైలవరం పిల్ల ఒకతి తన స్టూలు జరిపింది.

ప్రేమకుమారి సంతకానికి పైన ఇంకో రెండు వరుసలు చేర్చింది: సమావేశం ఏ అంతరాయమూ లేకుండా జరిగినది. ఛైర్మన్‌గారు బయట ఉండి సహకరించినారు.