కొండలమ్మ మడమ, సుధామణి ప్రయాణం

బుధవారం పొద్దున కాఫీలయ్యాక సుధామణి మంచం మీద సంచీ పెట్టుకుని బట్టలు సర్దడం మొదలుపెట్టింది. కంకిపాడులో ఉన్న కూతురు హేమ దగ్గర ఒక వారం ఉండి రావాలని ఆమె ప్రయాణం. పక్క మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న తోటికోడలు కొండలమ్మ, ఆ సంచీలోకి ఏమేం వెళ్తున్నాయో రెప్ప వేయకుండా చూస్తోంది. చీరలు వెళ్ళాయి, ఫరవాలేదు. మందుల డబ్బా వెళ్ళింది, అదీ ఫరవాలేదు. గోడ మీదున్న సుధామణి మొగుడి ఫోటో కిందికి దిగి, తువ్వాలులో చుట్టుకుని సంచీలోకి వెళ్ళేసరికి కొండలమ్మ చాపిన కాళ్ళు ముడుచుకుంది.

"వారం రోజులకి ఫోటో ఎందుకే సుధా?"

"మధ్యలో అమావాస్య వస్తోందిగా అక్కా. దండ ఎవరు వేస్తారు?"

"నేను లేనూ?"

"ఆ కాలితో స్టూలెక్కి వేస్తావా? పడ్డావంటే రెండు ఫోటోలకి వెయ్యాలి నేను."

భవానీపురంలోని ఆ రెండు గదుల అద్దె వాటాలో ఉండేది వాళ్ళిద్దరే. అన్నదమ్ముల భార్యలు. మొగుళ్ళు పోయాక ఇద్దరూ ఒకే గంపను చెరోవైపు పట్టుకుని చేపలమ్మారు, హేమను పెంచి పెళ్ళి చేశారు. ఈమధ్య హేమ ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వు ఇక్కడే ఉండిపోరాదే అమ్మా" అంటోంది. సుధామణికి స్పీకర్ పెట్టి మాట్లాడే అలవాటు. ఆ మాట కొండలమ్మ చెవిన కూడా పడుతోంది. పడిన ప్రతిసారీ ఆ పూట అన్నం సయించడం లేదు.

వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలంటే కొండలమ్మకు తెలిసిన ఉపాయం ఒకటే. ప్రయాణమైన మనిషి వెంట నడవాలి, బస్సెక్కించాలి, సీట్లో కూర్చున్నాక కళ్ళారా చూసి రావాలి. ఎక్కడికని అడగకూడదు. వెనక నుంచి పిలవకూడదు. మొదలైన ప్రయాణం ఆపకూడదు. ఎప్పుడో ఒకసారి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు బందరు రేవు నుంచి వేటకు వెళ్ళిన భర్త పడవ దొరికింది, ఆయన దొరకలేదు. ఆనాటి నుంచి ఆమె ఎవరినీ గుమ్మం దగ్గర వదిలిపెట్టలేదు, వీధిలో ఎవరైనా వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలిస్తే తిట్టకుండానూ వదిలిపెట్టలేదు. ఆమె తిట్లకు జడిసి పక్క వాటా నజీమా, మొగుడు షబ్బీర్ టిఫిన్ డబ్బా మర్చిపోయి ఆటోలో బయల్దేరితే, నోరు మూసుకుని ఆ ఆటో వెనక పరుగెత్తడం అలవాటు చేసుకుంది.

చిక్కల్లా ఇప్పుడు మడమతో వచ్చింది. కొన్ని నెలలుగా పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నట్టు ప్రాణం జివ్వుమంటోంది. నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది, కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు. జిల్లేడాకులు కట్టింది. ఇసుక వేయించి కాపడం పెట్టింది. ఆఖరికి సుధామణి ఆమెను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డాక్టరమ్మకు చూపించింది. తడి సిమెంటు మీద ఏళ్ళ తరబడి నిలబడి అరికాలి పొర బిగుసుకుపోయిందని, పిక్కలు సాగదీయాలని, ఐసు సీసాను అరికాలి కింద దొర్లించాలని, అన్నిటికంటే ముఖ్యంగా ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలని ఆమె చెప్పింది. దేవుడి పటాలున్న ఇంట్లో చెప్పులనేసరికి కొండలమ్మ అక్కడే లెంపలు వేసుకుంది. డాక్టరమ్మ అది కూడా ఒక వ్యాయామమే అనుకుని ఊరుకుంది.

ఈ రోజు మాత్రం కాలు నడిచి తీరాలి. సుధామణి స్నానానికి వెళ్ళగానే కొండలమ్మ గోడ పట్టుకుంటూ వెళ్ళి, ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉన్న సీసా తీసి, అరికాలి కింద పెట్టుకుని శ్రద్ధగా దొర్లించింది. సీసా కరిగేదాకా దొర్లించింది.

"అక్కా, ఇందులో ఐసు సీసా ఏదీ?" ఫ్రిజ్ తలుపు పట్టుకుని సుధామణి అరిచింది.

"ఇదిగో."

"అది రొయ్యల మీద పెట్టడానికి గదక్కా గడ్డ కట్టించాను! హేమ రొయ్యలంటే ప్రాణం పెడుతుంది. కంకిపాడు దాకా ఎట్టా ఆగుతాయవి?"

"మళ్ళీ లోపల పెట్టు."

"నీ మడమ కింద పొర్లిన సీసాని తిండి మీద పెట్టమంటావా?"

"కడిగి పెట్టవే."

దారిలో ఐసు కొనాలంటే ఇప్పుడే బయల్దేరాలి. ఆ హడావుడిలో సుధామణి తలదువ్వుకోవడం కూడా సగంలో ఆపేసింది. వీధిలో షబ్బీర్ ఆటో స్టార్ట్ చేశాడు. కొండలమ్మ గుమ్మం దాటి తన పాత స్లిప్పర్లో కాలు పెట్టి, "అమ్మో" అని తలుపు పట్టుకుంది.

"నువ్వు రావద్దులే అక్కా."

ఆ మాట వినగానే కొండలమ్మ తలుపు వదిలేసి ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను రావద్దంటున్నావంటే నువ్వు తిరిగి రావన్నమాట."

"అయ్యో రామ! సరే, నా చెప్పులు తొడుక్కో. మొన్న కొన్న మెత్తవి. నీ అరిగిపోయినవి నేను వేసుకుంటా. బస్సు దగ్గర మార్చుకుందాం. కదులు, రొయ్యలు పాడయ్యేట్టున్నాయి!"

కొండలమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి, "చూస్తూ ఉండు నజీమా, ఇప్పుడే వస్తా" అని చెప్పి ఆటో ఎక్కింది. ఫోన్ మంచం మీదే ఉండిపోయింది.

బస్టాండులో కంకిపాడు బస్సు నిండుగా ఉంది. కొండలమ్మ ముందు తనే ఎక్కి కిటికీ పక్క సీటు పట్టి, సుధామణిని కూర్చోబెట్టింది. సంచీ పైన పెట్టించింది. దారిలో కొన్న ఐసు కప్పిన రొయ్యల డబ్బా కాళ్ళ మధ్య ఉంచింది. గట్టిగా పట్టుకొమ్మంది. తల బయట పెట్టొద్దంది. దిగగానే ఫోన్ చెయ్యమంది. ఇంకేం మిగిలిందా అని ఆలోచిస్తుంటే చెప్పులు గుర్తొచ్చాయి. ఇద్దరూ వంగి చెప్పులు విప్పారు. అప్పుడే బస్సు కదిలింది.

కింద నిలబడిన షబ్బీర్ నోరు తెరిచాడు. పిలిస్తే పెద్దావిడ ఊరుకోదని గుర్తొచ్చి మూసేశాడు. పరుగెత్తుకుంటూ బస్సు ముందుకు వెళ్ళి రెండు చేతులూ ఊపాడు. ఎవరో బంధువుల్ని సాగనంపుతున్నాడనుకుని డ్రైవర్ కూడా మర్యాదగా చెయ్యి ఊపి, పక్కగా పోనిచ్చాడు.

"ఆపించక్కా, ఆపించు!" అంది సుధామణి.

"ఛ! నీ ప్రయాణం మొదలైపోయింది. మధ్యలో ఆపుతారా?"

కండక్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఆడవాళ్ళకి టికెట్టు ఫ్రీ. ఆధార్ చూపించండమ్మా."

"నేను ప్రయాణం కాదు నాయనా. ఈమెని సాగనంపడానికి వచ్చా."

"కదిలే బస్సులోనా అమ్మా?"

"నేనెక్కినప్పుడు కదల్లేదు."

"మరి ఎక్కడ దిగుతారు?"

ప్రయాణంలో ఎక్కడికని అడిగినందుకు కొండలమ్మ అతని వైపు చూసిన చూపుకి, అతను వెనక సీట్ల వాళ్ళ సంగతి చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర దిగిపోదామని, సుధామణి పక్కన ఇరుక్కుని కూర్చున్న ఆమె లేచింది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ బ్రేకు వేశాడు. విప్పిన మెత్తటి చెప్పుల్లో ఒకటి సీట్ల కింద జారుకుంటూ ఎక్కడో ముందు, పూలగంపల అడుగుకి పోయింది. ఉత్త కాలు కింద పెట్టగానే మడమ ముల్లు లేచింది. పటమట వచ్చింది, పోయింది. పోరంకి వచ్చింది. చెప్పు దొరకలేదు. ప్రతి స్టాపులోనూ కొండలమ్మ లేవడం, "అమ్మా" అని కూర్చోవడం. పక్క సీటాయన రెండుసార్లు తన దిగే చోటు వచ్చిందనుకుని లేచాడు.

ఇక్కడ భవానీపురంలో షబ్బీర్ ఒక్కడే తిరిగి రావడం చూసి నజీమా గుండెలు బాదుకుంది. సుధామణికి ఫోన్ చేస్తే అది సంచీలో, తువ్వాలు కింద మోగుతోంది. కొండలమ్మకు చేస్తే ఇంట్లో మంచం మీద మోగింది. ఇక హేమకు చేసింది.

"హేమక్కా, మీ పెద్దమ్మగారు కూడా బస్సెక్కేశారు. ఫోన్ తీసుకోలేదు, తలుపుకి తాళం వెయ్యలేదు, చెప్పులు కూడా వేసుకోలేదంట. మా ఆయన చూశారు."

పాతికేళ్ళుగా తలుపు గడియ వేయకుండా నిద్రపోని పెద్దమ్మ, తాళం వేయకుండా, ఉత్త కాళ్ళతో ఊరు వదిలి వస్తోందంటే హేమకు ఒకటే అర్థమైంది. ఆ కాలు చెయ్యి దాటిపోయింది. పైగా అమ్మ ఆ సంగతి తన దగ్గర దాచింది. ఆమె భర్త సూర్యప్రకాష్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. ఏడుపులో సగం మాటలే వినిపించినా అతను మిగతాది తనే పూరించుకున్నాడు. తెలిసిన కళ్యాణమండపం వాళ్ళను అడిగి, పెద్దవాళ్ళ కోసం అక్కడ ఉంచే చక్రాల కుర్చీ పట్టుకుని స్టాండుకి పరుగెత్తాడు. కుర్చీ చూసి ఇద్దరు ఆగారు. ఇద్దర్ని చూసి పదిమంది ఆగారు.

"ఎవరికండీ?"

"మా పెద్దత్తయ్యగారికి. కాలు."

"అయ్యో, తీసేశారా?"

ఆ సంగతి తనకీ తెలియని సూర్యప్రకాష్ తల దించుకున్నాడు. దాంతో అందరికీ ఖాయమైపోయింది. ఒకావిడ కళ్ళొత్తుకుంది.

బస్సు వచ్చి ఆగింది. పూలగంపలు దిగడంతో చెప్పు దొరికింది. కొండలమ్మ రెండు చెప్పులూ తొడుక్కుని, రొయ్యల డబ్బా చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, జనాన్నీ కుర్చీనీ దాటి గబగబా నడిచి వెళ్ళి నీడలో నిలబడింది. రెండు కాళ్ళూ ఉన్నందుకు జనం కాస్త నిరాశపడ్డారు. ఆ తర్వాత సుధామణి దిగింది. అరిగిపోయిన చెప్పులూ, బిగబట్టి కూర్చున్న తిమ్మిరీ కలిసి ఆమె తూలి ఆ చక్రాల కుర్చీలో కూలబడింది.

"చెప్పానుగా ఒకావిడకి బాగాలేదని," అన్నారెవరో తృప్తిగా.

"పెద్దమ్మా! నీ కాలు?" అంటూ హేమ పరుగెత్తుకొచ్చింది.

"నా కాలికేమయిందే? ముందు మీ అమ్మని చూడు."

అలా అన్నాక, తను నొప్పి లేకుండా అంత దూరం నడిచానని కొండలమ్మకు తెలిసింది.

ఆ చెప్పులు ఇక ఆమె విప్పలేదు. హేమ ఇంట్లో అందరూ ఇంటి చెప్పులు వేరే పెట్టుకుని లోపల తిరుగుతారు. "మన ఇంట్లో అయితే పాపం మనకి తగిలేది. ఇక్కడ తగిలితే హేమకి తగలాలి, దానికి ఆ నమ్మకం లేదు కాబట్టి తగలదు," అని కొండలమ్మ లెక్క చెప్పుకుంది. పొద్దున్నే గోడ పట్టుకుని పిక్కలు సాగదీసింది. హేమ ఐసు సీసా ఇచ్చింది, ఈసారి రొయ్యలతో పొత్తు లేనిది. మెల్లగా ఒక రోజు ఆమె మంచం దిగి, పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాక గానీ, ఇవాళ ముల్లు గుచ్చుకోలేదని గుర్తు రాలేదు. సంతోషించడానికి బదులు భయపడింది. భర్త తర్వాత ఆమె సాగనంపకుండా పోనిచ్చింది ఆ నొప్పినొక్కదాన్నే. ఇప్పుడు తలుచుకుని దాన్ని సాగనంపినట్టయితే తిరిగొస్తుంది.

వారం తిరిగింది. నజీమా ఎన్నాళ్ళని ఇల్లు కాస్తుందని సుధామణి సంచీ సర్దుకుంది.

"నువ్వూ రా అక్కా."

"అక్కడ చెప్పుల్లేకుండా తిరగాలి గదే. మళ్ళీ వచ్చిందంటే? ఈ కాలు ఇంకాస్త గట్టిపడనీ."

"ఇంట్లో చెప్పులేసుకో. దేవుడు ఏమనుకోడు."

"ఆయన అనడు. నాకే నిద్ర పట్టదు."

కంకిపాడు స్టాండు దాకా కొండలమ్మ వెంట నడిచింది. సీట్లో కూర్చోబెట్టింది. గట్టిగా పట్టుకొమ్మంది, దిగగానే ఫోన్ చెయ్యమంది. ఈసారి బస్సు కదలకముందే దిగి, కిటికీ కింద నిలబడింది. ఎప్పుడొస్తావక్కా అని సుధామణి నోటిదాకా వచ్చింది. ప్రయాణంలో అలాంటివి అడగకూడదని పెద్దావిడ దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఊరుకుంది. బస్సు కదిలాక కొండలమ్మ నోరు కూడా తెరుచుకుంది. వెనక నుంచి పిలవకూడదు కాబట్టి ఆమె కూడా ఊరుకుంది.

ఆ మాఘమాసం బుధవారం సుధామణి చీకటి పడకముందే భవానీపురం చేరింది. కొండలమ్మ అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు, హేమ దగ్గరే ఉండిపోయింది. భవానీపురం నుంచి ఆమెను సాగనంపినవాళ్ళు ఎవరూ లేరుగా.