మానుకోట పట్టాల మీద ట్రఫాల్గర్

సముద్రానికి సురక్షితమైన దూరంలో ఉన్న జనగామలో, లెక్కల లెక్చరర్ దయాకర్ సారు 1805 నాటి ట్రఫాల్గర్ నౌకాయుద్ధాన్ని కంప్యూటర్‌లో మళ్లీ జరిపించి, రెండోసారి కూడా ఇంగ్లండునే గెలిపించారు. అక్కడితో ఆగితే మామూలు పండితుడే అయ్యేవారు. ఇంగ్లండు ఓడలు ఇరవై ఏడు. సారు రోజుకొక ఓడను పక్కన పెట్టి యుద్ధం నడిపారు. ఇరవై ఏడుసార్లూ ఇంగ్లండే గెలిచింది. కాబట్టి గెలుపులో ఏ ఓడకూ పాత్ర లేదని రుజువైంది. ఊరివాళ్లు ఆయనకు శాలువా కప్పారు.

ఆ శాస్త్రం ప్రజలకు అక్కరకొచ్చే రోజు 2014లో వచ్చింది. తెలంగాణ ఖాయమైంది. మూడేళ్ల కిందటి సకల జనుల సమ్మెలో మానుకోట దగ్గర రైలు ఆపిన నాలుగు వందల మందిలో ఎవరి కేసులు ఎత్తేయమని సిఫారసు చేయాలో తేల్చడానికి స్థానిక ఉద్యమ నాయకుడు జగన్మోహన్ అధ్యక్షతన కమిటీ వెలిసింది. అసలైన ఉద్యమకారులకే న్యాయం జరగాలి కనుక లెక్క సారుకు అప్పగించారు.

సారు ఓడల స్థానంలో మనుషులను పెట్టారు. నెల్లికుదురు దగ్గరి తండా కూలీ ప్రేమ్‌సింగ్‌ను తీసేశారు. రైలు ఆగింది. పక్కవాణ్ని తీసేశారు. ఆగింది. నాలుగు వందల సార్లూ ఆగింది. జగన్మోహన్ గారు ఆ రోజు గెస్ట్‌హౌస్‌లో ఉన్నప్పటికీ, సేనాధిపతి ఓడ ఖాళీగా ఉండరాదు కనుక అందులో ఆయనను కూర్చోబెట్టారు. ఆయనను తీసేస్తే ఏకంగా కంప్యూటరే ఆగిపోయింది. జాబితాలో ఆయన పేరొక్కటే మిగిలింది. ఆయన మీద కేసే లేకపోవడంతో కమిటీ పని మరింత సులువైంది.

పోలీసు కాగితాల్లో మాత్రం ప్రేమ్‌సింగ్ మొదటి ముద్దాయి. తీర్పు దగ్గర పడింది. అతని తల్లి గోరీ జనగామ వచ్చి సారు గడప పట్టుకుంది.

“సారూ, మావోన్ని తీసేసినా రైలు ఆగిందంటివి గద?”

“ఆగిందమ్మా. నిరూపించాను.”

“ఎవల్ని తీసేసినా ఆగింది. మరి ఆపిందెవలు?”

“అది నా లెక్క పరిధిలోకి రాదు.”

“గట్లయితె గా ముక్కనే కోర్టుల చెప్పు సారూ. రైలు ఆపింది మావోడు గాదని. సోమారం తీర్పున్నది.”

సారు శాలువా సర్దుకున్నారు. “కోర్టుకు గణితం తెలియదమ్మా.”

“పట్టుకపోయిన పోలీసోళ్లకన్న జర గా లెక్క నేర్పకపోతివి” అంటూ గోరీ లేచింది.

సోమవారం ప్రేమ్‌సింగ్‌కు ఆరు నెలల శిక్ష పడింది. ఆ సాయంత్రమే జగన్మోహన్ గారికి పౌర సన్మానం. మనమంతా వెళ్లాం, చప్పట్లు కొట్టాం. నన్నో, మిమ్మల్నో తీసేసినా ఆ చప్పుడు తగ్గేది కాదు. కాబట్టి ఇందులో మన పాత్ర సున్నా.