చింగ్‌టాన్ తాలూకా ఉచ్చారణ విజయం

చైనాలో హునాన్ కొండల్లోని చింగ్‌టాన్ తాలూకా పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు రావడం లేదో విద్యాశాఖ ఎట్టకేలకు కనిపెట్టింది. కారణం అమ్మమ్మలు. వాళ్ల ఒళ్లో నేర్చిన ఊరి యాస వల్లే పిల్లల నాలుకకు 'న'కీ 'ల'కీ తేడా తెలియడం లేదట. కనుక రాబోయే ఇంగ్లీషు ఉచ్చారణ పోటీ ముగిసేవరకు, పిల్లలు మెలకువగా ఉండగా అమ్మమ్మలు ఊరి యాసలో నోరు విప్పరాదు. ఇది సబబేనని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంగ్లీషు టీచరు తాన్ గుయ్‌ఫెన్ అందరికంటే గట్టిగా కొట్టింది. పోటీలో బడి ఓడితే ఆమెను దారిలేని కొండ మీది బడికి పంపిస్తారు మరి. ఆ సాయంత్రమే తల్లి నోటికి తాళం వేసింది.

"తిన్నావా అని మనవరాలిని అడగకూడదుటే?"

"రేడియోలో వచ్చే సర్కారు భాషలో అడగమ్మా."

"ఆ భాషలో నాకు ఆకలే వెయ్యదే!"

ఆ తర్వాత ముసలావిడ మాట్లాడలేదు. మిరపకాయల కూర దిగగానే భోజనానికి పిలుపుగా గరిటెతో మూకుడు వాయించేది. చేతికి ఎర్రపట్టీలు కట్టుకుని తనిఖీకి వచ్చిన విద్యాశాఖ వాళ్లు, మోతలో ఊరి యాస ధ్వనిస్తోందని అభ్యంతరం చెప్పారు. గుయ్‌ఫెన్ వెంటనే కరెంటు గంట బిగించింది.

పాత యాస పోయింది. కొత్తది కావాలి. విద్యాశాఖ డైరెక్టర్ పెంగ్ గారు తామే పాఠాలు చదివి లౌడ్‌స్పీకర్లలో పెట్టించారు. ఆయనది పొరుగు తాలూకా. 'హ'ను 'ఫ' అంటారు. పిల్లలంతా శ్రద్ధగా 'ఫ' అన్నారు. పై అధికారి పలికింది తప్పెలా అవుతుంది?

పోటీకి న్యాయనిర్ణేత ఫుజియాన్ రాష్ట్రం నుంచి వచ్చాడు. అక్కడ 'ఫ'ను 'హ' అంటారు. ఆయన చెవికి అంతా సవ్యంగానే వినిపించింది.

"బడి మొత్తానికీ ఒకటే గొంతు!" అని కళ్లు తుడుచుకున్నాడు. "కామ్రేడ్స్, యాస లేకపోవడమంటే ఇదే!"

మొదటి బహుమతి వచ్చింది, గుయ్‌ఫెన్ ఉద్యోగం నిలిచింది. ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, గెలిచాం! ఇక నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడు."

ముసలావిడ గొంతు సవరించుకుని మనవరాలు మాన్‌మాన్‌ని దగ్గరకు తీసుకుంది. "తిన్నావా, నా బంగారుకొండా?"

మాన్‌మాన్ మొహం చిట్లించింది. "అమ్మమ్మా, నువ్వు మాట్లాడకు. నీ యాస నాకు అంటుకుంటుంది."

కూతురు పలికిన తీరులోని స్పష్టతకు గుయ్‌ఫెన్ మురిసిపోయింది. ముసలావిడ లేచి వెళ్లి గంట నొక్కింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

అలాంటి గంటలు ఇప్పుడు అన్ని దేశాల్లోనూ దొరుకుతున్నాయి. మీ ఇంట్లో ఈపాటికి బిగించే ఉంటారు.